వంశధారలో నీళ్లెన్ని? ఆ లెక్కకు డబ్బెవరిది? – తరచుగా అడిగే ప్రశ్నలు

కాశీనగర్, పర్లాకిమిడి, గుణుపురం వైపు ఉండే మన తెలుగువాళ్ల కోసం ఈ పేజీ. ఓటు ఒడిశాలో, చుట్టాలు శ్రీకాకుళంలో, పొలం ఏటి పక్కన ఉన్నవాళ్లకి వంశధార నీళ్ల మీద ఒడిశా, ఆంధ్రల గొడవ కొత్త కాదు. కానీ ఈ మధ్య "నీటి లభ్యత మోడలింగ్" అనే మాట ఎక్కువగా వినిపిస్తోంది, దానికి కోట్లు పెడుతున్నారన్న మాట కూడా. సంతలోనూ పాణి పంచాయతీ (సాగునీటి రైతుల సంఘం) మీటింగుల్లోనూ జనం అడిగిన ప్రశ్నలనే పెట్టాను. కొన్నిటికి ఒక్క ముక్కలో అయిపోయింది, కొన్నిటికి సాగదీయక తప్పలేదు.

అసలు మోడలింగ్ అంటే ఏం చేస్తారు? ఏటి ఒడ్డుకెళ్తే నీళ్లు కనపడవా?

ఈరోజు నీళ్లు కనపడతాయి. రెండు రాష్ట్రాలు పంచుకోవాల్సింది ఈరోజు నీళ్లను కాదు కదా, ఏడాది పొడుగునా వచ్చేవాటిని, అదీ మంచి ఏడు, చెడ్డ ఏడు అన్నీ కలిపి చూసుకుని. వంశధార కలహండి జిల్లా లాంజీగఢ్ వైపు కొండల్లో పుట్టి, రాయగడ, గజపతి జిల్లాలు దాటి, కొంత దూరం తానే సరిహద్దుగా నడిచి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసేసరికి 250 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేస్తుంది. దాని పరీవాహకం దాదాపు 10,800 చదరపు కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం ఒడిశాలోనే. ఆ నేల మీద పడ్డ వానలో ఎంత ఇంకింది, ఎంత ఆవిరైంది, అడవి ఎంత తాగింది, పైరు ఎంత తాగింది, చెరువుల్లో ఎంత ఆగింది, చివరికి ఏట్లోకి ఎంత చేరింది, ఈ లెక్కంతా కంప్యూటర్లో రోజువారీగా వేయడమే మోడలింగ్. వేసిన లెక్కని ఏట్లో నిజంగా కొలిచిన ప్రవాహంతో పోల్చి, తేడా వస్తే సరిచేసుకుంటూ పోతారు. పని మొత్తంలో ఈ సరిచేసుకోవడమే అసలు తలనొప్పి.

సాఫ్ట్‌వేర్ ఖరీదా?

కాదు. ప్రపంచమంతా వాడే స్వాట్, హెచ్ఈసీ-హెచ్ఎంఎస్ రెండూ ఉచితమే. డబ్బు పెట్టి లైసెన్సు తీసుకునేవి కూడా ఉన్నాయి, కొన్ని ఆఫీసులు వాటినే కొంటాయి. కానీ ఎక్కువ డబ్బు పోయేది అక్కడ కాదు.

మరి ఎక్కడ పోతుంది?

కొలవడానికి. కాశీనగర్ దగ్గర కేంద్ర జల సంఘం కొలత కేంద్రం ఉంది, చాలామంది దాని పక్కనుంచే వెళ్తుంటారు కానీ అక్కడేం జరుగుతుందో ఎప్పుడూ ఆగి చూడరు. గట్టు మీంచి నీళ్లలోకి మెట్లుమెట్లుగా స్తంభాలు, వాటి మీద మీటర్లు, సెంటీమీటర్లు గీసిన పలకలు. పొద్దున్నే ఎనిమిదింటికి మనిషి వచ్చి నీటి మట్టం చూసి రాసుకుంటాడు, వరద రోజుల్లో గంటగంటకీ చూడాలి. మట్టం చూస్తే ఎత్తు తెలుస్తుంది కానీ ఎన్ని క్యూసెక్కులు (సెకనుకి ఎన్ని ఘనపుటడుగులు) పోతున్నాయో తెలీదు. అందుకని పడవలోనో వంతెన మీంచో ఏటిని అడ్డంగా ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కలో లోతు కొలిచి, పైనుంచి ఆ లోతులో పదింట ఆరోవంతు దగ్గర కరెంట్ మీటర్ దించి, అది తిరిగే వేగాన్ని బట్టి ప్రవాహం లెక్కగడతారు. ఇలా ఏడాది పొడుగునా రకరకాల మట్టాల దగ్గర కొలిస్తే "ఇంత ఎత్తుంటే ఇంత ప్రవాహం" అనే వంపు గీత ఒకటి తయారవుతుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి టీఎంసీ (వంద కోట్ల ఘనపుటడుగులు) లెక్కా ఆ గీత మీదే నిలబడి ఉంటుంది.

ఇప్పుడు ఇసుక సంగతి చూడండి. వంశధారది ఇసుక అడుగు, పెద్ద వరదొస్తే దానంతటదే మారిపోతుంది. దానికి తోడు జేసీబీలు దిగి అడుగు తవ్వేస్తే, నిరుడు ఐదు మీటర్ల మట్టం దగ్గర పోయిన నీళ్లకీ ఈ ఏడు అదే ఐదు మీటర్ల దగ్గర పోయే నీళ్లకీ పొంతన ఉండదు. అంటే గీత మళ్లీ గీయాలి, మళ్లీ పడవ, మళ్లీ మనుషులు. ఇసుక లారీకి కట్టే రుసుము లెక్క వేసేవాళ్లు, ఆ తవ్వకం వల్ల పాడైన కొలతను బాగుచేసే ఖర్చు ఎక్కడా వేయరు. నన్నడిగితే మోడలింగ్ ఖర్చులో దాన్నీ కలపాలి.

వరద కొలత ఇంకో తంటా. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి జిల్లా పరిస్థితి ఏమైందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అలాంటి రోజున పడవ దించి కరెంట్ మీటర్ పెట్టమని ఎవర్నీ అడగలేం. కానీ ఏడాది నీళ్లలో పెద్ద వాటా వచ్చేది సరిగ్గా అలాంటి కొద్ది రోజుల్లోనే. లక్ష క్యూసెక్కుల వరదను ఐదు శాతం తప్పుగా అంచనా వేస్తే తేడా 5,000 క్యూసెక్కులు. ఒక టీఎంసీ అంటే రోజంతా సుమారు 11,574 క్యూసెక్కులు కాబట్టి, ఒక్కరోజులోనే దాదాపు అర టీఎంసీ లెక్కలోంచి జారిపోయినట్టు.

ఉపగ్రహాలున్నాయి కదా, గేజీ (నీటి మట్టం పలక) చూసే మనిషి ఇంకా ఎందుకు?

ఉపగ్రహం అడవినీ పంటనీ వాననీ చూస్తుంది, ఏట్లో ఎన్ని క్యూసెక్కులు పోతున్నాయో మన సైజు ఏటికి నమ్మకంగా చెప్పలేదు. సోలార్ పలక, సెన్సరు పెట్టిన ఆటోమేటిక్ స్టేషన్లు మట్టాన్ని పంపుతాయి, బాగానే ఉంటాయి, బ్యాటరీ పోయే దాకా. పెట్టేటప్పుడు రిబ్బన్ కట్టడానికి అందరూ వస్తారు, మూడో ఏట బ్యాటరీ మార్చడానికి బడ్జెట్ ఉండదు.

దేశం మొత్తం మీద ఈ పనికి ఎంత పెడుతున్నారు?

అన్నిటికంటే పెద్ద పద్దు జాతీయ హైడ్రాలజీ ప్రాజెక్టు. 2016 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం దాదాపు 3,680 కోట్ల రూపాయలతో ఆమోదించింది, అందులో సగం ప్రపంచ బ్యాంకు అప్పు. రాష్ట్రాలకు గ్రాంటుగా ఇచ్చారు, అందులో ఒడిశా ఉంది, ఆంధ్ర ఉంది. దానికి ముందు 1995లో మొదలైన మొదటి ప్రాజెక్టు, తర్వాత రెండోది కూడా ఇదే కోవలోవి.

3,680 కోట్లంటే గుండె గుభేలుమంటుంది. 140 కోట్ల జనాభాకి పంచి చూడండి, తలకి సుమారు 26 రూపాయలు. ఆమోదించినప్పుడు అనుకున్న ఎనిమిదేళ్లకి ఆ 26 రూపాయలు. ఏడాదికి మూడు రూపాయల చిల్లర. ఒక మోస్తరు ప్రాజెక్టులో అంచనాలు ఒక్కసారి సవరిస్తే ఇంతకంటే పెరుగుతాయి. కాబట్టి "లెక్కలకే కోట్లు తగలేస్తున్నారు" అనే మాటతో నేను ఏకీభవించను. తగలేసే చోటు వేరే ఉంది, కింద చెప్తాను.

75 శాతం నమ్మకం అంటారు, అదేమిటి?

ముప్పై ఏళ్ల ఏటి నీళ్ల లెక్క తీసుకోండి. అన్నిటికంటే ఎక్కువ వచ్చిన ఏడాదిని పైన పెట్టి, తక్కువ వచ్చినదాన్ని అడుగున పెట్టి వరసగా రాయండి. పైనుంచి దాదాపు 23వ స్థానంలో ఉన్న అంకె 75 శాతం నమ్మకమైన నీళ్లు. నాలుగేళ్లలో మూడేళ్లు కనీసం ఇంత వస్తాయని అర్థం. సాగునీటి ప్రాజెక్టులకి మామూలుగా దీన్నే చూస్తారు. జల విద్యుత్తుకి 90 శాతం చూస్తారు, తాగునీటికి ఇంకా గట్టిగా, నూటికి నూరేళ్లూ వచ్చేదాన్ని చూస్తారు.

ఒకే ఏరు, ఒకే వాన. రెండు రాష్ట్రాల ఇంజినీర్లు రెండు అంకెలు ఎలా చెప్తారు? ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నట్టే కదా?

అవసరం లేదు. అబద్ధం ఆడకుండానే కావాల్సిన అంకె తెచ్చుకోవచ్చు, అదే దీనిలో చిక్కు.

కృష్ణ సంగతి చూడండి. బచావత్ ట్రిబ్యునల్ (రాష్ట్రాల నీటి తగాదా తేల్చడానికి కేంద్రం వేసే న్యాయస్థానం) 75 శాతం నమ్మకం మీద 2,060 టీఎంసీలంది. తర్వాత బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 47 ఏళ్ల లెక్క తీసుకుని చూస్తే, 75 శాతం మీద 2,173, 65 శాతం మీద 2,293, సగటు చూస్తే 2,578 వచ్చాయి. ఒకే కాగితం మీద ఉన్న అవే 47 ఏళ్లు, ఏ గీత దగ్గర కోశామన్నదాన్ని బట్టి 405 టీఎంసీల తేడా. వంశధార మొత్తం నీళ్లకి మూడింతల పైన.

దేశం లెక్కే తీసుకోండి. 1993లో కేంద్ర జల సంఘం దేశంలో సగటున ఏడాదికి 1,869 బీసీఎం (వంద కోట్ల ఘనపు మీటర్లు ఒక బీసీఎం) నీళ్లున్నాయంది. 2019లో ఉపగ్రహ సమాచారంతో మళ్లీ లెక్కిస్తే 1,999 అయింది. పద్ధతి మారింది, తీసుకున్న సంవత్సరాలు మారాయి, అంకె మారింది.

ఇంకా కొన్ని చోట్ల వేలు పెట్టొచ్చు. ఏ సంవత్సరాలు తీసుకోవాలి? కరువు ఏళ్లు ఎక్కువున్న వరస ఒకటి, తుపానులు ఎక్కువున్న వరస ఒకటి. పైన వాడుకున్న నీళ్లని తిరిగి కలపాలా? గజపతి జిల్లాలోనే అడవ దగ్గర హరభంగి ప్రాజెక్టు ఉంది కదా, ఆ నీళ్లు వంశధారలో కలవాల్సినవే, కానీ సొరంగం గుండా ఋషికుల్య వైపు మళ్లిస్తున్నారు. కాశీనగర్ గేజీకి ఆ నీళ్లు కనపడవు. వాటిని లెక్కలో కలిపితే ఏటి సహజ ప్రవాహం పెరుగుతుంది, కలపకపోతే తగ్గుతుంది. రాయగడ జిల్లాలో బదనాల, ఊరూరా చెరువులు, ఈ మధ్య బోర్లు, అన్నిటికీ ఇదే ప్రశ్న. ఎవరి ఇంజినీరు వాళ్ల ప్రభుత్వానికి పనికొచ్చే జవాబునే ఎంచుకుంటాడు, ఎంచుకున్న ప్రతి జవాబూ విడిగా చూస్తే సబబుగానే ఉంటుంది.

వంశధారకి 115 టీఎంసీలని ఎక్కడి నుంచి వచ్చింది?

1962లో రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకున్నాయి. గొట్టా బ్యారేజీ దగ్గర ఏడాదికి 115 టీఎంసీలు, చెరిసగం, అంటే 57.5 చొప్పున. తర్వాత ఆంధ్ర తన వంశధార ప్రాజెక్టు రెండో దశలో కాట్రగడ దగ్గర పక్క నుంచి వరద నీళ్లు మళ్లించే సైడ్ వియర్, హిరమండలం దగ్గర 19 టీఎంసీల రిజర్వాయరు మొదలుపెట్టడంతో ఒడిశా 2006లో గొడవకి దిగింది. ఏరు ఎండిపోతుందని, దారి మార్చుకుంటుందని వాదించింది. సుప్రీంకోర్టు 2009లో చెప్పాక 2010 ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ వచ్చింది. జస్టిస్ ముకుందకం శర్మ అధ్యక్షతన 2017 సెప్టెంబరు 13న తీర్పు ఇచ్చింది, నీళ్లు సగం సగమే, సైడ్ వియర్‌కీ, ఆంధ్ర వంశధార మీద కట్టాలనుకున్న నేరడి బ్యారేజీకీ ఒప్పుకుంది. దాని మీద మళ్లీ వివరణలు అడిగితే 2021 జూన్ దాకా సాగింది.

అంకెలో ఐదు శాతం తేడా వస్తే ఏమవుతుందంటారా? 115లో ఐదు శాతమంటే 5.75 టీఎంసీలు. హిరమండలం రిజర్వాయరులో మూడో వంతుకి కొంచెం తక్కువ. మన వైపు రైతులు వేసుకునే మోటు లెక్కలో టీఎంసీకి పదివేల ఎకరాలు, అంటే యాభై వేల ఎకరాల పైన మాట.

ట్రిబ్యునల్ ఖర్చు ఎవరు పెడతారు?

1956 నాటి అంతర్రాష్ట్ర నదీ జలవివాదాల చట్టం కింద ట్రిబ్యునల్‌ను వేసేది కేంద్రం, దాని ఖర్చు ఏ ప్రభుత్వం భరించాలో ట్రిబ్యునల్ తన తీర్పులోనే చెప్పొచ్చు. ఢిల్లీ సీనియర్ లాయర్లు, సాంకేతిక సలహాదారులు, వాళ్ల సొంత మోడల్ నివేదికలు, వాదనల రోజుల్లో విమానాలూ హోటళ్లూ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం పెట్టుకోవాలి. మనం ఒడిశాకి కట్టే పన్నులోంచి ఒక పక్షం, ఏటి అవతల ఉన్న మన మేనమామ ఆంధ్రకి కట్టే పన్నులోంచి ఎదుటి పక్షం, మధ్యలో జడ్జి ఖర్చూ చివరికి మన పన్నుల్లోంచే. తగలేసే చోటు వేరే ఉందన్నది ఇదే. ఒకే ఏటికి రెండు మోడళ్లు, ఒకదాన్ని ఇంకొకటి కొట్టెయ్యడానికి కట్టినవి, గెలిచినా ఓడినా కేసు అయ్యాక రెండూ అటకెక్కుతాయి.

కేసు నడిచినంత కాలం రైతుకి ఏమవుతుంది?

ఏమీ అవదు, అదే నష్టం. నేరడి బ్యారేజీ గురించి ఎప్పట్నుంచో వింటున్నాం, దానికి ఒడిశా వైపు 106 ఎకరాలు కావాలి, ఆ నూటాఆరు ఎకరాల చుట్టూ ఎన్ని ఎన్నికలు గడిచాయో! ఇటు శివారు భూములకీ అటు శివారు భూములకీ నీళ్లు అందలేదు. ఝంఝావతి ఏటి ప్రాజెక్టు దగ్గర ఇంకో రకం. ఒడిశాలో ముంపు మీద ఒప్పందం కుదరక, ఆంధ్ర 2006లో రబ్బరు డ్యాం పెట్టుకుని ముంపు లేకుండా కొంత ఆయకట్టుకి నీళ్లిచ్చుకుంది. తెలివైన పనే, కానీ సర్దుబాటు సర్దుబాటే, అసలు ప్రాజెక్టు కాదు.

మల్కన్‌గిరి వాళ్లం, పోలవరం వెనక నీళ్ల గొడవ కూడా ఇలాంటిదేనా?

దగ్గరి చుట్టమే. మీది నీటి లభ్యత కాదు, వరద లెక్క. పెద్ద వరదొస్తే శబరి, సీలేరుల్లోకి నీళ్లు ఎంత దూరం ఎగదన్నుతాయి, మోటు ఊరి దగ్గర ఎంత ఎత్తుకి వస్తాయి అన్నది. గోదావరి ట్రిబ్యునల్ నాటి అంచనా 36 లక్షల క్యూసెక్కులు, వరద వదిలే స్పిల్‌వే కట్టింది 50 లక్షలకి. ఏ అంకె పెట్టి లెక్కేస్తే ముంపు గీత అంత దూరం జరుగుతుంది. అది విడిగా ఒక పేజీకి సరిపోయే విషయం.

ఈ లెక్కలు మనం చూడొచ్చా?

సగం చూడొచ్చు. గంగ, బ్రహ్మపుత్ర, సింధు లాంటి, పొరుగు దేశాలతో పంచుకునే నదుల సమాచారం రహస్యం. మన వంశధార లాంటి ద్వీపకల్ప నదులది రహస్యం కాదు, కేంద్ర జల సంఘం కొలతలు ఇండియా-డబ్ల్యూఆర్ఐఎస్ సైట్‌లో ఉంటాయి. 2002 సవరణతో 1956 నాటి జలవివాదాల చట్టంలో ప్రతి నదీ పరీవాహకానికీ కేంద్రం సమాచార నిధి నిర్వహించాలని రాశారు కూడా.

మిగతా సగం మోడల్. ఏ సంవత్సరాలు తీసుకున్నారు, హరభంగి నీళ్లు కలిపారా లేదా, ఎక్కడెక్కడ సర్దారు, ఆ ఫైళ్లు బయటికి రావు. జనం డబ్బుతో చేసిన పని కన్సల్టెంటు లాప్‌టాప్‌లో ఉంటుంది. నేనొక ఆఫీసులో ఇలాంటి నివేదిక అడిగితే ముందు "ఎందుకండీ మీకు" అన్నారు, తర్వాత "ఆ సారు బదిలీ అయ్యారు" అన్నారు. అంటే ఐదేళ్ల తర్వాత ఇంకో సారు వచ్చి, ఇంకో టెండరు పిలిచి, అదే ఏటికి మళ్లీ మొదట్నుంచి డబ్బు పెడతారు.

మీరైతే ఏం చేయమంటారు?

రెండు రాష్ట్రాలూ, కేంద్ర జల సంఘం కలిసి వంశధారకి ఒకే మోడల్ పెట్టుకుని, ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, ఇన్‌పుట్ ఫైళ్లతో సహా అందరికీ కనపడేలా ఉంచాలి. వాటా దగ్గర కొట్టుకోండి, కొట్టుకోవద్దని ఎవరూ అనరు, 75 శాతమా సగటా అన్నది రాజకీయ నిర్ణయం, దాన్ని రాజకీయంగానే తేల్చుకోవచ్చు. కానీ వాన ఎంత పడింది, ఏట్లో ఎంత పోయింది అన్నదాని మీద కూడా ఇద్దరు లాయర్లు అక్కర్లేదు. మిగిలిన డబ్బు గేజీలకి పెట్టాలి, ముఖ్యంగా కొండల మీద వాన కొలిచే కేంద్రాలకి. కొత్త స్టేషన్లు ప్రారంభించడం కంటే ఉన్నవాటిని నడపడానికి, గేజీ చూసే మనిషికి నెలనెలా జీతం పడేలా.

ఒకే మోడల్ ఉంటే తప్పు కూడా ఒకటే అవుతుంది కదా అని ఒక రిటైర్డ్ ఇంజినీరు గారు అడిగారు. న్యాయమైన ప్రశ్న. అందుకే ఫైళ్లు బయట పెట్టమంటున్నది. బరంపురంలోనో విశాఖలోనో ఏదో కాలేజీ కుర్రాడు దాన్ని తెరిచి తప్పు పట్టగలగాలి, అదీ పైసా ఖర్చు లేకుండా.

సమాచార హక్కు కింద అడగాలంటే ఎలా?

కేంద్ర జల సంఘాన్ని అడగాలంటే కేంద్రం ఆర్టీఐ ఆన్‌లైన్ సైట్‌లో పది రూపాయలు కట్టి వేయొచ్చు. ఒడిశా జల వనరుల శాఖని అడగాలంటే ఫారం-ఏ నింపాలి. దరఖాస్తు ఇంగ్లీషులోనో హిందీలోనో ఆ ప్రాంతపు అధికార భాషలోనో ఉండాలంటుంది చట్టం, కాబట్టి ఒడిశా ఆఫీసుకి తెలుగులో రాస్తే తిప్పి పంపొచ్చు, ఒడియా బాగా రాసే పిల్లల సాయం తీసుకోండి. జవాబుకి గడువు 30 రోజులు. దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్లకి ఫీజు లేదు.

"నీటి లెక్కలు ఇవ్వండి" అని మొత్తంగా అడగొద్దు, ఏదో ఒక పేజీ ఇచ్చి ఊరుకుంటారు. ఇలా అడగండి: గత పదేళ్లలో వంశధార నీటి లభ్యత మీద ఏయే అధ్యయనాలు చేయించారు, ఒక్కోదానికి ఎవరికి ఎంత చెల్లించారు, నివేదిక కాపీ, వాడిన సంవత్సరాలు, ఇన్‌పుట్ ఫైళ్లు.

మా పాణి పంచాయతీ సొంతంగా ఏమైనా కొలవొచ్చా?

కొలవొచ్చు. ఒడిశాలో 2002 పాణి పంచాయతీ చట్టం వచ్చాక కాలువల నిర్వహణలో రైతులకి భాగం ఉంది. బడి ఆవరణలో చెట్ల నీడ పడని చోట ఒక వర్షమాపకం పెట్టుకుని రోజూ ఉదయం 8.30కి, వాతావరణ శాఖ చూసే సమయానికే, చూసి రిజిస్టర్లో రాయండి. వాన పడని రోజు కూడా సున్నా వేయాలి, ఖాళీ వదిలితే ఆ రోజు చూడలేదనుకుంటారు. కాలువ తూము దగ్గర గోడ మీద సెంటీమీటర్ల గీతలు రంగుతో వేయించి మట్టం కూడా రాసుకోండి. రాసినవాళ్ల సంతకం, తేదీ తప్పనిసరి. రిజిస్టరు ఒక్కరి ఇంట్లో ఉంచకండి, నెలకోసారి ఫోటో తీసి పాణి పంచాయతీ వాట్సాప్ గ్రూపులో పెట్టండి.